గోదావరి డెల్టా నీటి ఆవాసాలు: పాయ, మురుగు కాలువ, మడ. ఏం చూడాలి, ఎలా కొలవాలి?

#1 రాజోలు_పంతులు
డిగ్రీ మొదటి ఏడాది జువాలజీ, బోటనీ పిల్లలకు ఫీల్డు పని పెట్టాలి. మూడు చోట్లు అనుకున్నాం: గోదావరి పాయ వైనతేయ ఒడ్డు, ఊళ్ల మధ్య పారే ఓ మురుగు కాలువ, కోరింగ మడ అడవి. ఆవాసం, నిచ్ (ఆవాసంలో ఒక్కో జీవి పాత్ర), ఆహారపు గొలుసు, శక్తి పిరమిడ్ అన్నీ పుస్తకంలో ఉన్నాయి. గట్టెక్కి నిలబడ్డాక ముందు ఏది చూడాలి, ఏ అంకె రాసుకోవాలి అన్నదే లేదు. ల్యాబులో థర్మామీటరు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) కాగితాలు, ఒక టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది), గాజు సామాను ఉన్నాయి. ఇంకో నాలుగైదు వేలు పెట్టగలం. తెలిసినవాళ్లు చెప్పండి. ప్రకృతిని కాపాడుకుందాం అనే ఉపన్యాసాలు వద్దండీ, అవి మా దగ్గర బోలెడున్నాయి.

#2 కాలువగట్టు
మాష్టారూ, జాబితా మొదలుపెట్టే ముందు పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పండి: ఈ నీరు ఎప్పుడొస్తుంది, ఎన్నాళ్లుంటుంది, ఎటు పోతుంది? డెల్టాలో ఏ జీవి ఎక్కడుందో చెప్పేది ఎక్కువగా ఇదే. ఎంత నీరు ఉంది అన్నది తర్వాతి మాట.

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గోదావరి చీలుతుంది: ఎడమకు గౌతమి, కుడికి వశిష్ఠ. మీ వైనతేయ వశిష్ఠలోంచి చీలిందే. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ పాయలకు ఏడాది రెండు ముక్కలైంది. జూలై నుంచి అక్టోబరు దాకా ఎర్రనీరు, ఒండ్రు, మంచినీరు. వేసవికొచ్చేసరికి ఉన్న కాస్త నీటినీ పంటకాలువలకు మళ్లించేస్తారు, పాయలోకి పైనుంచి వచ్చేది దాదాపు ఉండదు. అప్పుడు పాయ నదిలా ఉండదు, సముద్రపు చెయ్యిలా ఉంటుంది. పోటుకు నీరు పైకెక్కుతుంది, పాటుకు దిగుతుంది. అదే మెట్ల దగ్గర ఆగస్టులో పట్టిన సీసాలోనూ మేలో పట్టిన సీసాలోనూ ఒకే జాతులు దొరుకుతాయని అనుకోకూడదు. కాబట్టి ఒక్కసారి వెళ్లి రాసిన జాబితాకు పెద్ద విలువ లేదు. వరదలో ఒకసారి, డిసెంబరు–జనవరిలో ఒకసారి, ఏప్రిల్–మేలో ఒకసారి, అదే చోట.

వరద స్థాయికి ధవళేశ్వరం హెచ్చరికల్నే గుర్తుగా పెట్టుకోండి. మొదటిది 11.75 అడుగులు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. ఏ హెచ్చరికకు మీ చోటు మునిగిందో ఊళ్లో అడిగి రాసుకుంటే, ఆ నేల ఎంత తరచుగా మునుగుతుందో పాత పత్రికలు చూసి కూడా లెక్కకట్టొచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటి వరద లంకల మీద అన్నీ మొదటికి తెచ్చేస్తుంది.

#3 నీటిపరీక్ష
పైన చెప్పినదానికి కొలత: ఉప్పదనం. మొదటి ఖర్చు దీని మీదే పెట్టండి.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు. అర గ్రాము లోపైతే మంచినీరు. మధ్యలోదంతా ఉప్పుటేరు నీళ్లే. మీ టీడీఎస్ పెన్ను బహుశా 9,990 పీపీఎం (లీటరుకు దాదాపు 10 గ్రాములు) దగ్గర ఆగిపోతుంది, ఆ పైన ఎంతున్నా చెప్పదు. అలాంటప్పుడు ఒక వంతు నమూనాకు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలిచి పదితో గుణించండి. అంచనాకు సరిపోతుంది. రొయ్యల చెరువుల వాళ్లు వాడే రిఫ్రాక్టోమీటరు రెండు వేల చుట్టుపక్కల దొరుకుతుంది, రెండు చుక్కలు చాలు. కానీ దానిమీద ఒక్కో గీత ఒక్కో గ్రాము. లీటరుకు రెండు మూడు గ్రాముల కింద దాన్ని నమ్మొద్దు, అక్కడ పెన్నే మేలు. రోజూ పని మొదలెట్టే ముందు డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నా మీద ఉందో లేదో చూడాలి. లేకపోతే చిన్న మర తిప్పి సరిచేయాలి. ఎండలో కాగిన పరికరం మీద చల్లటి చుక్క వేసి వెంటనే చదివితే తప్పొస్తుంది. అర నిమిషం ఆగాలి.

ఇక అందరూ చేసే పని: ఒడ్డున వంగి పైనీరు ముంచుకుని "మంచినీరే" అని రాసేయడం. ఉప్పునీరు బరువు. పాయలో అది అడుగునుంచి నాలుకలా పైకి దూరుతుంది, మంచినీరు దానిమీద జారిపోతుంది. పైన 3 గ్రాములుంటే అడుగున 20 ఉండొచ్చు. అడుగు నీటికి ఖరీదైన శాంప్లర్ అక్కర్లేదు. లీటరు గాజుసీసాకు రాయి కట్టండి, మూతికి బిరడా పెట్టి దానికి వేరే తాడు కట్టండి. లోతుకు దించాక బిరడా లాగండి, బుడగలు ఆగాక పైకి తియ్యండి. తాడు మీద అర మీటరుకొక ముడి ఉంటే లోతు కూడా తెలిసిపోతుంది. ఈ సీసాను ఆక్సిజన్ కొలతకు మాత్రం వాడకూడదు, నిండేటప్పుడు గాలి కలుస్తుంది.

#4 తుంగమొక్క
స్టూడెంట్‌నండి. మురుగు కాలువల్లో తెల్లారేసరికి చేపలు నోళ్లు పైకి పెట్టి తేలుతుంటాయి. పొద్దెక్కాక మళ్లీ మామూలుగానే ఉంటాయి. పురుగుమందు కలిసిందంటారు కొందరు. మందైతే పది గంటలకు ఎలా తేరుకుంటాయి?

#5 చెరువుల_సూరి
సరైన ప్రశ్న. మందు ప్రతిసారీ కాదు. చాలావరకు ఊపిరాడకే.

పగలు పాచి, నాచు ఆక్సిజన్ విడుదల చేస్తాయి. రాత్రి అవీ పీలుస్తాయి, చేపలూ పీలుస్తాయి, అడుగున కుళ్లే చెత్త మీది బాక్టీరియా అందరికంటే ఎక్కువ పీలుస్తుంది. రాత్రంతా ఖర్చే, రాబడి లేదు. అందుకే తెల్లారుజామున నాలుగు నుంచి ఆరింటి మధ్య అడుగంటుతుంది. మధ్యాహ్నం మూడింటికి అదే నీటిలో ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంటుంది. మధ్యాహ్నం ఒక్క కొలత తీసి కాలువ ఆరోగ్యంగా ఉందని రాస్తే అది అబద్ధం కిందే లెక్క. తెల్లారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండూ ఉండాలి. వాటి మధ్య తేడా ఎంత పెద్దదైతే ఆ నీటిలో ఎరువు అంత ఎక్కువ పడుతోందన్నమాట.

అంకెలు: 25 డిగ్రీల మంచినీటిలో గాలితో సమానంగా కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు. 30 డిగ్రీలకు 7.5. అదే 30 డిగ్రీల సముద్రపు నీటిలో 6.2 చుట్టూ. అంటే మన వేసవి ఉప్పునీటికి మొదటినుంచీ నిల్వ తక్కువ. 4 కిందికొస్తే చాలా చేపలు మేత మానేస్తాయి, 2 కిందికొస్తే పారిపోగలిగినవి పారిపోతాయి, మిగిలినవి తేలతాయి. మబ్బు పట్టి మూడ్రోజులు ఎండ లేకపోతే పాచి చచ్చి అడుగుకు చేరుతుంది, నాలుగో తెల్లవారి చేపలు తేలతాయి. తొలకరికి కాలువ అడుగు బురద కదిలినా ఇదే జరుగుతుంది.

మందుకూ దీనికీ తేడా పట్టుకోవడానికి గుర్తులు: ఊపిరాడకపోతే ముందు పెద్ద చేపలు, రొయ్యలు ఇబ్బంది పడతాయి, గాలి పీల్చే చేపలు బాగానే ఉంటాయి, టైము తెల్లారుజామే. మందైతే టైముతో పనిలేదు, చిన్నా పెద్దా తేడా లేదు, నీటి పురుగులు, తోకకప్పలు కూడా చస్తాయి.

గాలి పీల్చేవి అంటే కొర్రమీను, మార్పు, ఇంగిలాయి. ఇవి పైకొచ్చి నోటితో గాలి మింగుతాయి. కాబట్టి "ఈ కాలువలో కొర్రమీను పడుతోంది, నీరు బాగుంది" అనే వాదన చెల్లదు. అవి మాత్రమే పడుతున్నాయంటే అనుమానించాల్సిందే.

#6 నీటిపరీక్ష
ఆక్సిజన్ మీటరు మీ బడ్జెట్‌లో రాదు మాష్టారూ. వింక్లర్ పద్ధతి (రసాయనాలతో ఆక్సిజన్ కొలిచేది) మీ ల్యాబులోనే అవుతుంది. 300 మిల్లీలీటర్ల గాజుమూత సీసాను బుడగ లేకుండా నీటి కిందే నింపాలి. మాంగనీస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మి.లీ. పిపెట్ కొన నీటిలో ముంచి వదలాలి. మూతపెట్టి పదిహేనుసార్లు తలకిందులు చెయ్యాలి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా వస్తే లేనట్టు. ఇంతవరకూ గట్టు మీదే చెయ్యాలి. తర్వాత 2 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి కరిగించి, చీకట్లో పెట్టి, అదే రోజు టైట్రేషన్. 203 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ థయోసల్ఫేట్ పోస్తే, ఖర్చయిన ఒక్కో మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. రంగు మార్పు చూపే స్టార్చ్‌ను మొదట్లోనే వేసేస్తారు పిల్లలు. లేత గడ్డిరంగుకు దిగాకే వెయ్యాలి. ఆమ్లం పోసేది మీరే, పిల్లలు కాదు.

థయోసల్ఫేట్ నిలవుంటే బలం తగ్గుతుంది, వారానికోసారి సరిచూడాలి.

#7 చెరువుల_సూరి
పీహెచ్ కాగితాల గురించి ఒక్కమాట. పాచి పట్టిన నీటిలో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతుంది, ఎందుకంటే పాచి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది. ఆ వేళకు అమ్మోనియా ప్రమాదం. మొత్తం అమ్మోనియాలో విషపు రూపంలో ఉండేది పీహెచ్ 7, 30 డిగ్రీల దగ్గర నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 దగ్గర ఏడెనిమిది పాళ్లు, 9 దగ్గర నలభై దాటుతుంది. చేపల, రొయ్యల చెరువు పట్టి ఖాళీ చేసేటప్పుడు వదిలే నీరు మధ్యాహ్నం కాలువలో పడితే చేపలు మధ్యాహ్నమే చావడానికి కారణం ఇది. పొద్దున ఊపిరి, మధ్యాహ్నం అమ్మోనియా. టైము రాసుకోకపోతే ఏదీ తేలదు.

#8 కొత్తపేట_కుర్రోడు
ఇంత లెక్కలెందుకండీ. కాలువ మీద చాపలా కప్పేసిన ఆ గుర్రపుడెక్క మొత్తం మందు కొట్టి చంపేస్తే కాలువ బాగుపడుతుంది.

#9 కాలువగట్టు
బాగుపడదు, అదే వారంలో చేపలు చస్తాయి. గుర్రపుడెక్క బరువులో తొంభై శాతానికి పైగా నీరే గానీ, చదరపు మీటరుకు పదుల కిలోల పచ్చిబరువు ఉంటుంది. మందు కొడితే అదంతా ఒక్కసారి అడుగుకు చేరి కుళ్లుతుంది. సూరి గారు చెప్పిన ఆక్సిజన్ ఖర్చు పదింతలవుతుంది.

తియ్యడానికీ పద్ధతుంది. దిగువనుంచి మొదలెట్టి ఎగువకు తియ్యాలి. ఎగువనుంచి లాగితే తెగిన పిలకలు కిందికి కొట్టుకుపోయి అక్కడ మొలుస్తాయి. తీసినదాన్ని గట్టు అంచునే పోస్తే తొలివానకు మళ్లీ కాలువలోనే ఉంటుంది. కనీసం గట్టు అవతలి వాలుకు చేర్చాలి. ఎరువు నీరు దొరికితే రెండు వారాల్లో రెండింతలవుతుంది కాబట్టి సగం తీసి ఆగిపోతే నెల తిరక్కుండా మొదటికే వస్తుంది. దీన్ని తినే ముక్కుపురుగుల్ని 1980లలో మన దేశానికి తెచ్చి వదిలారు. నిలకడ నీటిలో కొంత పనిచేశాయి. మన కాలువల్లో వరదకు చాపతోపాటే పురుగూ కొట్టుకుపోతుంది.

జమ్ము, తుంగ, కిక్కిస మాత్రం పీకించకండి. కాలువ శుభ్రం పేరుతో అంచులన్నీ చెక్కేస్తారు. చేపపిల్లలు పెరిగేది ఆ కాడల మధ్యే, గట్టు జారకుండా ఆపేదీ అవే. మధ్యన పారుదలకు దారి ఉంటే చాలు.

పిల్లలకు ఇంకో గుర్తు: గుర్రపుడెక్క ఉప్పుకు ఆగదు. మురుగు కాలువ వెంట సముద్రం వైపు నడుస్తూ అది ఆకు అంచులు మాడి ఎక్కడ ఆగిపోయిందో రాసుకుంటే, ఈమధ్య ఉప్పు ఎంతదాకా వచ్చిందో మీటరు లేకుండానే తెలుస్తుంది. ఒక్కరోజు కొలత ఆ రోజు సంగతే చెప్తుంది. మొక్క కొన్ని వారాల సంగతి చెప్తుంది.

#10 మడతిప్ప
కోరింగ సంగతి నేను చెప్తాను. 1978లో ప్రకటించిన అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ముందే అటవీశాఖ అనుమతి తీసుకోండి. పిల్లలతో అయితే చెక్కబాట మీదనుంచే చాలావరకు చూడొచ్చు.

మడలో మొదట చూపించాల్సింది ఎత్తు. పుస్తకాల్లో జోన్లు గీతలు గీసినట్టుంటాయి, ఇక్కడ అంత శుభ్రంగా ఉండవు. కానీ జానెడు, రెండు జానల ఎత్తు తేడాతో చెట్టు మారిపోవడం కనిపిస్తుంది. రోజూ పోటు తగిలే ఏటి అంచుల్లో కళింగ, పొన్న, గుగ్గిలం. వెనక మడ చెట్లు, తెల్ల రకమూ నల్ల రకమూ. పున్నమి అమావాస్య పోట్లకే తడిసే మెరకలో తిల్ల. అసలు పోటు సరిగా అందక, నీరు ఎండి ఉప్పు పేరుకున్న పర్రల్లో కండ పట్టిన ఆకుల చిన్న ఉప్పుమొక్కలు, లేదా ఏమీ ఉండదు. కొత్తవాళ్లు ఆ బోడి పర్ర చూసి ఇక్కడ చెట్లు నరికేశారంటారు. ఒక్కోసారి నిజమే. ఒక్కోసారి అది మొదటినుంచీ పర్రే.

ఉప్పుతో బతకడానికి రెండు దారులు చూపించండి. పొన్న వేరు దగ్గరే ఉప్పును చాలావరకు వడకట్టేస్తుంది. మడ చెట్టు ఉప్పును లోపలికి తీసుకుని ఆకు గ్రంథుల ద్వారా బయటికి కక్కుతుంది. ఎండపూట మడ ఆకు నాలుకకు తాకిస్తే తెలుస్తుంది. తిల్ల దగ్గర ఈ పని చెయ్యనీయకండి, దాని పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోతుంది. ఆకు తుంచనీయొద్దు.

మడ చెట్టు చుట్టూ బురదలోంచి మేకుల్లా లేచిన శ్వాసవేర్లు ఉంటాయి. బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి గాలి వీటి రంధ్రాలగుండా దిగుతుంది. ఈ వేర్లు పాటుకు తేలి ఆరాలి. గట్టు కట్టి నీరు వారాల తరబడి నిలబెడితే, లేదా డ్రెడ్జింగ్ మట్టి (ఏటి అడుగు నుంచి తవ్వి తీసింది) జానెడు మందాన పోస్తే, చెట్టు నిలువునా చస్తుంది. నరకనే అక్కర్లేదు.

#11 కొత్తపేట_కుర్రోడు
అయితే చచ్చినచోట మొక్కలు నాటేస్తే పోయేదానికి ఇంత గొడవా?

#12 మడతిప్ప
నాటేస్తే పోతాయి, అదే గొడవ. చెట్టు ఎందుకు చచ్చిందో ఆ కారణం అక్కడే ఉంది కదా. నీరు నిలిచి, ఎండకు ఎగిరి, ఉప్పు సముద్రం కంటే ఎక్కువైన గుంటలో ఏ మొలకైనా ఒక వేసవికి మించి నిలవదు. ముందు నీటికి దారి, తర్వాతే మొక్క.

క్రమం ఇది. తాపీమేస్త్రీల ట్యూబ్ లెవెల్‌తో ఎత్తులు తియ్యాలి: ఏటి నీరు పోటుకు ఎంతకు వస్తుంది, పాటుకు ఎంతకు దిగుతుంది, పర్ర నేల ఎక్కడుంది. అది లేకుండా గునపం పట్టొద్దు. తర్వాత చేపముల్లు ఆకారంలో కాలువలు. ఏటినుంచి ఒక పెద్ద కాలువ, పైన సుమారు 3 మీటర్ల వెడల్పు, అడుగున సన్నం, మీటరు లోతు. దానికి రెండువైపులా 45 డిగ్రీల వంపుతో పిల్లకాలువలు, కొంచెం తక్కువ లోతుతో. వాలు పెద్ద కాలువ వైపే ఉండాలి. ప్రతి పాటుకూ నీరు పూర్తిగా దిగిపోవాలి. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే: నీరు లోపలికి వస్తుంది, బయటికి పోదు, ఉప్పు గుంట ఇంకా పెద్దదవుతుంది. తవ్విన మట్టిని అంచున ఏకగట్టుగా పోస్తే అదే అడ్డుకట్ట. మధ్యమధ్య ఖాళీలు వదలాలి. కాలువ నోళ్లు ఏడాదికోసారి పూడిక తియ్యకపోతే మూడో ఏడు తవ్విందంతా నేలపాలు.

ఒక వానాకాలం గడిచి ఉప్పు కడిగాక మడ గింజలు ఒక రోజు నీటిలో నానబెట్టి, పైపొట్టు ఊడినవి వెయ్యాలి. పొన్న అయితే చెట్టు మీదే మొలకెత్తిన పొడుగాటి కాయ, దాన్ని మూడోవంతు బురదలోకి గుచ్చాలి, మొగ్గ ఉన్న కొన పైకి. తలకిందులుగా గుచ్చినవి చాలాచోట్ల కనిపిస్తుంటాయి. నీటిదారి సరిగా కుదిరినచోట గింజలు పోటుకు వాటంతటవే వచ్చి మొలుస్తాయి, నాటే ఖర్చే ఉండదు.

#13 తుంగమొక్క
మడ బురద నల్లగా కుళ్లిన గుడ్డు వాసనొస్తుంది. మురుగు కాలువ బురదా అంతే. మరి ఏది కాలుష్యం?

#14 నీటిపరీక్ష
వాసనతో తీర్పు చెప్పలేం. ఆక్సిజన్ లేనిచోట బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది. మడలో అది సహజం. చూడాల్సింది నల్లపొర పైన ఉన్న గోధుమరంగు పొర మందం. పారదర్శక ప్లాస్టిక్ గొట్టం బురదలోకి గుచ్చి, పైకొనను బొటనవేలితో మూసి పైకి లాగండి. స్కేలు పెట్టి కొలవండి. పీతల బొరియలున్న మంచి మడలో గోధుమపొర సెంటీమీటర్ల లెక్కన ఉంటుంది, బొరియల వెంట ఇంకా లోతుకు దిగుతుంది. మురుగు బరువెక్కిన కాలువలో పైపొర నుంచే నలుపు.

కాలువ బురదను అర మిల్లీమీటరు జల్లెడలో కడిగితే ఎర్రటి పురుగులు వస్తాయి. అవి దోమలాంటి ఈగల పిల్లలు, కుట్టవు. వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఊపిరాడని బురదలోనూ బతుకుతాయి. అవీ, సన్నటి ట్యూబిఫెక్స్ పురుగులూ తప్ప ఇంకేమీ లేకపోతే విషయం అర్థమైనట్టే.

ఒక జాగ్రత్త. నెట్‌లో దొరికే, పురుగుల్ని బట్టి నీటికి మార్కులు వేసే పట్టికలు చాలావరకు రాళ్లున్న కొండవాగుల కోసం చేసినవి. మెత్తటి ఒండ్రు, ఉప్పు, పోటుపాట్లున్న మన డెల్టాకు వాటిని వేస్తే మంచి పాయ కూడా ఫెయిలవుతుంది. ఇక్కడి చోటును ఇక్కడి చోటుతోనే పోల్చండి: అదే ఉప్పదనం, అదే అడుగు, అదే నెల.

#15 పిట్టచూపు
పిట్టల మాట ఎవరూ ఎత్తలేదు. నిచ్ అంటే ఏంటో చెప్పడానికి కాకినాడ అఖాతపు బురదనేలల కంటే మంచి తరగతి లేదు. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అలల్ని ఆపుతుంది కాబట్టే దాని వెనక సన్నటి బురద పేరుకుంది, ఆ బురదకే శీతాకాలం వలస పిట్టలు వేలల్లో దిగుతాయి.

ముక్కులు చూపించండి. ప్లోవర్ పొట్టి ముక్కుతో, పెద్ద కళ్లతో, పరుగెత్తి ఆగి పైపైన ఏరుకుంటుంది. గాడ్విట్ తిన్నని పొడుగు ముక్కును బురదలోకి గుచ్చి లోపలి పురుగు తీస్తుంది. కర్ల్యూ వంపు ముక్కుతో పీత బొరియలోకి దిగుతుంది. ఒకే బురదలో మూడు లోతులు, పోటీ తక్కువ. బురద గట్టిపడినా, మీద పాచి చాప కట్టినా ముందు తగ్గేది లోతుగా గుచ్చేవే.

వేళ ముఖ్యం. పాటు పూర్తిగా దిగినప్పుడు వెళ్తే పిట్టలు కిలోమీటరు దూరాన చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కడానికి రెండు గంటల ముందు ఒడ్డున కూర్చుంటే నీరే వాటిని మీ దగ్గరకు తోసుకొస్తుంది. సూర్యుడు వెనక ఉండేలా చోటు చూసుకోండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల లెక్కింపు నాటికే మీరూ లెక్కిస్తే పోల్చడానికి అంకెలుంటాయి.

వేసవిలో నది మధ్య ఇసుక తిప్పల మీదికి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. టెర్న్ పిట్టలు గూడు కట్టవు, ఉత్త ఇసుకలోనే గుడ్లు పెడతాయి. కాలికింద పడ్డా తెలియదు.

#16 వలకట్టు
చేపల రాకపోకలు కూడా చెప్పించండి. పులస సముద్రంలో పెరిగి, వరద నీటికి ఎదురీది పైకొచ్చి గుడ్లు పెడుతుంది. పండుగప్ప తిరగేసి: పిల్లలు మంచినీటి కాలువల్లోకొచ్చి పెరుగుతాయి, గుడ్లకు మళ్లీ ఉప్పునీటికి దిగుతాయి. మొదట మగవిగా ఉండి పెద్దయ్యాక ఆడవిగా మారతాయి కాబట్టి పెద్దవాటిని మాత్రమే పట్టేస్తే తల్లిచేపలే పోతాయి. నీలకంఠ రొయ్య మంచినీటిలో ఉంటుంది గానీ పిల్లలకు మొదటి వారాలు కొంచెం ఉప్పు కావాలి. మూడింటికీ పై నుంచి కిందికి దారి తెరిచి ఉండాలి. ధవళేశ్వరం పులసకు అక్కడితో హద్దు వేసింది. చిన్న అడ్డంకులు ఇంకా ఉన్నాయి: మురుగు కాలువ చివర తలుపులు. ఉప్పు రాకుండా మూస్తారు, న్యాయమే. కానీ పోటు నీటితో లోపలికి రావాల్సిన పిల్లచేపా అక్కడే ఆగుతుంది. తలుపు ఏ నెలల్లో మూసి ఉంటుందో పిల్లలు లస్కర్‌ని (కాలువ తలుపులు చూసే ఉద్యోగిని) అడిగి రాసుకోవాలి.

#17 కాలువగట్టు
తలుపులు తీసి ఉంచితే కొబ్బరి పోతుంది వలకట్టు గారూ. ఇసుక నేలల్లో భూగర్భ మంచినీరు సముద్రమట్టం కంటే మీటరు ఎత్తున నిలిస్తే దాని కింద దాదాపు 40 మీటర్ల దాకా ఉప్పు పైకి రాదు. ఆ మీటరు అర మీటరైతే 20 మీటర్లే. బోర్లు ఎక్కువ తోడినా, పాయలో ఇసుక తవ్వి అడుగు దించినా ఆ లెక్క చెడుతుంది. కోనసీమలోని శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంట కొబ్బరి ఎండిపోయింది ఉప్పునీరు తోటల్లోకి వచ్చి నిలిచిపోవడం వల్లే. అక్కడ కూడా సమస్య రావడం ఒక్కటే కాదు, వచ్చిన నీరు దిగకపోవడం.

#18 వలకట్టు
తలుపు తీసెయ్యమనలేదండీ. వరద రోజుల్లో, పాయలో నీరు తియ్యగా ఉన్నప్పుడు తీస్తే ఇద్దరికీ నష్టం లేదు. మూత ఉండాల్సింది వేసవి పోట్లకు.

#19 తుంగమొక్క
కొల్లేరు కూడా ఈ లెక్కలోకే వస్తుందా?

#20 కాలువగట్టు
కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, మన పశ్చిమ డెల్టా మురుగు చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. 2002లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితా) చేరింది. అభయారణ్యం హద్దు +5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత). దాని గొడవ వేరే చర్చ పెడితే బాగుంటుంది, ఇక్కడ మొదలైతే తెల్లారిపోద్ది.

చట్టం పక్కన ఒక్క ముక్క: రామ్‌సర్ నిర్వచనంలో పాటు వేళ 6 మీటర్ల లోపు లోతున్న సముద్రమూ చిత్తడి నేలే. మన దేశపు 2017 చిత్తడి నేలల నిబంధనల్లో నదీ ప్రవాహం, వరిచేలు, చేపల చెరువులు రావు. పిల్లలు రిపోర్టులో ఏ అర్థంలో వాడారో రాయాలి.

#21 రాజోలు_పంతులు
అందరికీ థాంక్సండీ. ఇంకొకటి. ఆహారపు గొలుసుకు గడ్డి–మిడత–కప్ప–పాము కాకుండా ఇక్కడిదేమైనా చేయించగలమా? ఒక్కరోజులో ఏ వరసలో నడపాలి?

#22 మడతిప్ప
ఆకు సంచులు చెయ్యండి. మడలో పచ్చి ఆకు తినేవాళ్లు తక్కువ, రాలిన ఆకు మీదే బతుకంతా. రాలబోయే పసుపు ఆకులు ఆరబెట్టి 10 గ్రాముల చొప్పున, 2 మిల్లీమీటర్ల కన్నుల నైలాన్ సంచుల్లో, 20 సెంటీమీటర్ల చదరంగా కుట్టండి. పన్నెండు సంచులు, బురద మీద కర్రకు కట్టాలి. 1, 2, 4, 8 వారాలకు మూడేసి తీసి, మెల్లగా కడిగి, ఆరబెట్టి తూచండి. పక్కన సన్నటి దోమతెర గుడ్డతో ఇంకో పన్నెండు కుడితే 2 మిల్లీమీటర్ల కన్నుల్లో దూరే చిన్న నత్తలు, పురుగులు చాలావరకు లోపలికి రాలేవు. రెండు వరసల మధ్య తేడాయే వాటి పని. బురద బరువు కలిసిపోవడమే ఇందులో పెద్ద తప్పు, కడగకుండా తూచితే వారం వారం ఆకు బరువు పెరిగినట్టు వస్తుంది! బాక్టీరియా పట్టిన ఆకు, దాన్ని తినే పీత, పీతపిల్లల్ని తినే చేప, చేపను తినే నీటికుక్క, బావురు పిల్లి. మెట్టుకు పదోవంతు శక్తి అని పుస్తకం చెప్పేది సగటు మాటే, చోటునుబట్టి మారుతుంది.

#23 నీటిపరీక్ష
వరస: తెల్లారుజామున ఐదింటికి మురుగు కాలువ, ఆక్సిజన్ సీసాలు నింపి గట్టు మీదే మొదటి రెండు రసాయనాలు వెయ్యడం. ఏడింటికి పాయ, పైనా అడుగునా ఉప్పదనం, నీటి తేటదనం. తేటకు 20 సెంటీమీటర్ల నలుపుతెలుపు పళ్లెం తాడుకు కట్టి దించి, కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు, రెండింటి సగటు. నీడ ఉన్న వైపు నుంచి చూడాలి, కళ్లద్దాలు నల్లవి వద్దు. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ అదే కాలువ. మడను అదే రోజు ఇరికించకండి, దానికి పాటు వేళ చూసుకుని వేరే రోజు.

పోటు వేళలు కాకినాడకు ఇచ్చినవి చూసుకోవచ్చు. కానీ అవి సముద్రం ఒడ్డువి. పాయలో పైకి వెళ్లేకొద్దీ ఆలస్యమవుతుంది. మీ చోటుకు ఎంత ఆలస్యమో ఒకరోజు కర్ర పాతి పావుగంటకోసారి చదివితే తేలుతుంది. రోజుకు రెండు పోట్లు, మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు, మర్నాటికి దాదాపు యాభై నిమిషాలు జరుగుతాయి. అష్టమికి పోటు చిన్నది. పర్రల మీద నీరు చూడాలంటే పున్నమి, అమావాస్యల మర్నాడు వెళ్లాలి.

సీసాల మీద చోటు, లోతు, టైము పెన్సిల్‌తో రాయించండి. పెన్ను సిరా తడికి పోతుంది, సాయంత్రం ల్యాబులో ఏ సీసా ఎక్కడిదో ఎవరికీ తెలియదు.